కండలేరు క్రీకు ఒడ్డున బార్జి రేవు కట్టడం: మట్టం లెక్క నుంచి మొదటి లోడు దాకా

ముత్తుకూరు మండలంలోని థర్మల్ కేంద్రాల లాంటి చోట్లకు మూడు నాలుగు వందల టన్నుల జనరేటరు స్టేటరో (అందులో తిరగని భాగం), పెద్ద ట్రాన్స్‌ఫార్మరో రావాలంటే 16వ నెంబరు జాతీయ రహదారి మీద ప్రతి వంతెనకూ, ప్రతి కల్వర్టుకూ బలం లెక్క తీయాలి. కరెంటు తీగలు ఎత్తించాలి. కొన్ని చోట్ల పక్కన తాత్కాలిక దారి వేయాలి. అదే బరువు బార్జి (టగ్గు పడవ లాగే, చదును డెక్కు ఉన్న సరుకు నావ) మీద సముద్రం మీదుగా వస్తే, ఒడ్డున అది దిగడానికి పదిహేను మీటర్ల గట్టి చోటు చాలు. ఆ చోటు కట్టే పద్ధతే ఇది. కృష్ణపట్నం దగ్గర కండలేరు క్రీకు లాంటి లోపలి నీటి ఒడ్డును దృష్టిలో పెట్టుకుని రాశాం. అలలు విరిగే బయటి తీరంలో దీన్ని కట్టకూడదు. అక్కడ బార్జి నిలకడగా ఉండదు. పైగా ఒడ్డు నుంచి నీళ్ళలోకి చొచ్చుకొచ్చే ఏ కట్టడమైనా తీరం వెంట నడిచే ఇసుకను ఆపేస్తుంది. నైరుతి కాలంలో ఆ ఇసుక ఉత్తరానికి పోతుంది కాబట్టి దక్షిణం పక్క మేట వేస్తుంది, ఉత్తరం పక్క ఊరి గట్టు కోసుకుపోతుంది.

లెక్కలకు 60 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు ఉన్న బార్జిని నమూనాగా తీసుకుందాం. దాని మీద 400 టన్నుల యంత్రం, దాని కింద 80 టన్నుల స్వీయచోదక మాడ్యులర్ ట్రెయిలర్. బార్జి వెనక అంచును గట్టుకు ఆనించి కడతారు, ట్రెయిలర్ నేరుగా ఒడ్డుకు దిగుతుంది. మీ బార్జి వేరైతే అంకెలు మారతాయి, లెక్క వేసే వరస మాత్రం ఇదే.

ముందు మట్టం

గట్టు అంచు ఎంత ఎత్తులో ఉండాలన్నదే ఈ పని మొత్తానికి మూలం. షీట్ పైల్ (నేలలోకి దించి గోడగా కలిపే స్టీలు రేకు) పొడవు, గోడ వెనక పోసే పూడిక ఘనపరిమాణం, రోడ్డు వాలు, బార్జి పంపుల సామర్థ్యం అన్నీ దీన్నుంచే వస్తాయి. ఇక్కడ ఇరవై సెంటీమీటర్లు తప్పితే ఆ తర్వాత ఎంత బాగా కట్టినా ప్రతి లోడుకూ ఇబ్బందే.

మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకూ ఆటుకూ తేడా సుమారు ఒక మీటరే. గుజరాత్‌లో ఖంభాత్ అఖాతం వైపు ఇది 10 మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ పోటులో బార్జిని తెచ్చి, ఆటులో నేల మీద కూర్చోబెట్టి బరువు దించుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. బార్జి తేలుతూ ఉండగానే దించాలి, ఎత్తు సర్దుబాటు అంతా బ్యాలాస్ట్ నీళ్ళతోనే (బార్జి ట్యాంకుల్లోకి ఎక్కించి, తోడేసే నీళ్ళు) జరగాలి.

మొదటి పొరపాటు తరచు డ్రాయింగు మీదే జరుగుతుంది. భూమి సర్వే సగటు సముద్ర మట్టం నుంచి ఉంటుంది. పోటు పట్టికలూ, లోతుల పటాలూ చార్ట్ డేటం (దాదాపు అతి తక్కువ ఆటు మట్టం) నుంచి ఉంటాయి. ఈ రెండు సున్నాలకూ మధ్య మన వైపు అర మీటరు పైగానే తేడా ఉంటుంది. రెండు డ్రాయింగులూ ఒకచోట పెట్టి ఈ తేడా కలపడం మరిచిపోతే గట్టు అంచు అంత మేర ఎత్తయినా అవుతుంది, పల్లమైనా అవుతుంది. అందుకని మొదటి రోజే ఒక పాత కాంక్రీటు కట్టడం మీద బెంచ్‌మార్క్ పెట్టి, దాని విలువను చార్ట్ డేటంలో రంగుతో రాయించండి. అక్కణ్ణుంచి ప్రతి డ్రాయింగూ ఒకే డేటంలో ఉండాలి. ఇక్కడి నుంచి రాసే మట్టాలన్నీ చార్ట్ డేటంలోనే.

క్రీకు లోపల పోటు సమయం మొగ దగ్గరి సమయం కన్నా ఆలస్యంగా ఉంటుంది, ఎత్తూ కొంచెం మారుతుంది. కాబట్టి మీ స్థలంలోనే కొలబద్ద పాతి, పావుగంటకోసారి చొప్పున కనీసం 30 రోజులు, రాత్రీ పగలూ చదివించాలి. మరో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. బంగాళాఖాతంలో నెలవారీ సగటు మట్టమే ఏడాదిలో మారుతుంది. మార్చి, ఏప్రిల్‌లో తక్కువగా ఉండి, అక్టోబర్, నవంబర్‌లో ఎక్కువవుతుంది. తేడా దాదాపు ఒక అడుగు. పోటే మీటరు ఉన్న చోట అడుగు అంటే మూడో వంతు. మార్చిలో చదివిన కొలబద్ద చూసి అంచు ఖాయం చేస్తే, ఈశాన్య రుతుపవనాల్లో వచ్చిన బార్జి డెక్కు ఆ మేర పైకి నిలబడుతుంది.

ఇప్పుడు లెక్క. ఆటు మట్టం ప్లస్ 0.1, పోటు మట్టం ప్లస్ 1.1 అనుకుందాం. బార్జి 2 మీటర్ల డ్రాఫ్టులో (నీటిలో మునిగిన లోతు) ఉంటే నీటిపైన మిగిలేది 2 మీటర్లు. అంటే డెక్కు ప్లస్ 2.1 నుంచి 3.1 మధ్య తిరుగుతుంది. దాని నడిమి ప్లస్ 2.6. గట్టు అంచు అక్కడ పెట్టండి. అంచు తక్కువైతే బార్జిని కిందికి ముంచాలి, అడుగున లోతు చాలదు. ఎక్కువైతే బార్జిని తేలిక చేయాలి, కానీ బరువు దిగేదాకా అది తేలిక కాదు. ఈ ఎత్తుకు తుపాను ఉప్పెనలో గట్టు మునుగుతుంది. మునగనివ్వండి. ట్రెయిలర్ నడిచే కాంక్రీటు దిమ్మె మునిగితే నష్టం లేదు, కరెంటు ప్యానెళ్ళూ, పంపులూ మాత్రం ఎత్తైన చోట ఉండాలి.

బార్జి పక్క లెక్క కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఈ కొలతల బార్జిని ఒక సెంటీమీటరు ముంచడానికి పది టన్నుల చిల్లర కావాలి. 480 టన్నులు మొత్తం దిగిపోతే బార్జి సుమారు 45 సెంటీమీటర్లు లేస్తుంది. ఇది చిన్న సంగతే. ట్రెయిలర్ నడిమి నుంచి వెనక అంచుకు 25 మీటర్లు నడిస్తే 12,000 టన్ను మీటర్ల మొమెంటు (వాల్చే బలం) పడుతుంది. ముందు వెనకల మధ్య ఒక సెంటీమీటరు వాలు రావడానికి దాదాపు 50 టన్ను మీటర్లు చాలు. అంటే నీళ్ళు కదపకపోతే వాలు 2.4 మీటర్లు, అందులో సగంగా వెనక అంచు 1.2 మీటర్లు దిగుతుంది, ట్రెయిలర్ ఒడ్డెక్కిన క్షణాన అంతకు మించి పైకి లేస్తుంది. ట్రెయిలర్ తన హైడ్రాలిక్ సిలిండర్లతో సర్దుకోగలిగేది మొత్తం 60, 70 సెంటీమీటర్లే. గంటకు 300 ఘనపు మీటర్లు తోడే పంపులు రెండు నడుస్తూ, మూడోది సిద్ధంగా ఉండాలని అడిగేది ఇందుకే.

నేల, అనుమతులు

నేల పరీక్షకు నాలుగు బోర్లు తక్కువలో తక్కువ: గట్టు వరస మీద రెండు, లంగరు గోడ (ముందు గోడను వెనక నుంచి పట్టి ఉంచే గోడ) దగ్గర ఒకటి, రోడ్డు మీద ఒకటి. ఎస్పీటీ విలువ (సుత్తి దెబ్బల లెక్కతో నేల గట్టిదనం) 50 దాటిన పొర ఐదు మీటర్లు తెగకుండా దొరికేదాకా దించాలి. క్రీకు ఒడ్డుల్లో పైన వదులు ఇసుక, దాని కింద నాలుగైదు మీటర్ల మెత్తని బూడిదరంగు బంకమట్టి, ఇంకా కింద గట్టి ఇసుక కనిపించడం మామూలే. ఆ బంకమట్టికి ఎస్పీటీ నమ్మొద్దు, వేన్ షియర్ పరీక్ష (రెక్కల కడ్డీ తిప్పి మట్టి బలం కొలిచేది) చేయించండి. బరువు పెట్టిన రెండు మూడు నెలల్లో అది ఎంత కుంగుతుందన్నది కన్సాలిడేషన్ పరీక్షే చెబుతుంది. ఐదు మీటర్ల బంకమట్టి మీద మూడు మీటర్ల పూడిక పోస్తే పాతిక సెంటీమీటర్ల దాకా కుంగవచ్చు.

సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి) అనుమతికి రాష్ట్ర తీర మండలి నిర్వహణ సంస్థ సిఫారసు కావాలి, ఒడ్డు వాడకానికి ఏపీ మారిటైమ్ బోర్డు అనుమతి కావాలి. మడ చెట్లున్న ఒడ్డును మొదటే వదిలేయండి. అది సీఆర్‌జెడ్ 1ఏ కిందికి వస్తుంది. అనుమతి సంగతి అటుంచి, చేపపిల్లలు పెరిగే చోటది. క్రీకులో పడవలు తిరిగే ఊళ్ళ పెద్దలతో డ్రాయింగు ఖాయం కాకముందే కూర్చోవాలి. పడవ దారి ఎటు పోతుందో, వలలు ఎక్కడ వేస్తారో, వరదనీరు ఏ పక్క ఒరుసుకుంటుందో వాళ్ళు చెప్పేది ఏ సర్వేలోనూ దొరకదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ మోటారు పడవల రాకపోకలు తగ్గుతాయి కాబట్టి నీటి పని ఎక్కువగా అప్పుడు పెట్టుకోవడం ఇద్దరికీ మేలు. ఐతే పడవలన్నీ ఒడ్డునే కట్టి ఉంటాయి, వాటి చోటు ఆక్రమించకండి.

క్యాలెండరు విషయంలో రాజీ వద్దు. జనవరిలో మొదలుపెట్టి, లంగరు బిగించి పూడిక పోయడం సెప్టెంబరు నడిమికి అయిపోవాలి. నెల్లూరు వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యే పడుతుంది. తుపానులూ అప్పుడే. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్, అంతకుముందు ఈ తీరం వెంబడే నడిచింది. లంగరు లేకుండా నిలబడి ఉన్న షీట్ గోడ అలాంటి రోజున వంగిపోతే, దాన్ని పీకి మళ్ళీ కొట్టడం మొదటిసారి కన్నా కష్టం.

గోడ

బార్జి వెడల్పు 18 కాబట్టి ముందు గోడ 24 మీటర్లు, రెండు పక్కలా ఒడ్డు వైపు తిరిగే రెక్కలు ఆరేసి మీటర్లు. 600 మిల్లీమీటర్ల వెడల్పు షీట్లయితే ముందుకు 40, రెక్కలకు 20, మొత్తం 60, మూలలకు రెండు ప్రత్యేక ముక్కలు. బార్జి నిలిచే చోట అడుగు మట్టం మైనస్ 3.5. దాని మీద రాళ్ళ పరుపు వేయాలి కాబట్టి తవ్వేది మైనస్ 4.2 దాకా. తవ్వేవాళ్ళు ఇంకో ముప్పై సెంటీమీటర్లు ఎక్కువ తోడతారు, ఇది తప్పదు. కాబట్టి గోడను మైనస్ 4.5కు డిజైన్ చేయించండి. డ్రాయింగులో 3.5 చూసి లెక్క వేసిన గోడకు అడుగున మీటరు మట్టి తగ్గితే కాలు ముందుకు జారుతుంది. నమూనాకు 14 మీటర్ల షీటు, పైకొస ప్లస్ 2.2, అడుగు మైనస్ 11.8. సెక్షన్ మాడ్యులస్ (వంపును తట్టుకునే బలం కొలత) గోడ మీటరుకు 2,000 ఘనపు సెంటీమీటర్ల పైన చూడండి. స్టీలు మొత్తం 60, 65 టన్నులు అవుతుంది. ఈ అంకెలు బేరమాడుకోవడానికీ, సరుకు తెప్పించుకోవడానికీ పనికొస్తాయి. చివరి డిజైన్ మాత్రం మీ బోర్ల ఫలితాలతో రేవుల డిజైన్ కోసం ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4651 ప్రకారం జరగాలి.

తుప్పుకు మందం వదలడం మరవొద్దు. చల్లని దేశాల కోసం రాసిన యూరోకోడ్ పట్టికలోనే, తుంపర్లు పడే చోటా, ఆటు మట్టం దగ్గరా 25 ఏళ్ళకు 1.9 మిల్లీమీటర్లు పోతుందని ఉంది. మన ఎండకు అంతకన్నా తక్కువ పోదు. ప్లస్ 2.2 నుంచి మైనస్ 1 దాకా, షీట్లు నేలలోకి కొట్టకముందే, ఎపాక్సీ పూత వేయించాలి.

షీట్లను ఒక్కొక్కటే పూర్తిగా దించకూడదు. రెండు అంచెల గైడ్ ఫ్రేమ్ కట్టి, ఎనిమిది పది షీట్లు వరసగా నిలబెట్టి, ఒక్కోటీ రెండు మూడు మీటర్ల చొప్పున దశలుగా, కంపించే వైబ్రో హామర్‌తో దించాలి. ఒక్కటే దించుకుంటూ పోతే గోడ నడిచే దిశలోకి షీట్లు వాలుతాయి. ఇరవయ్యో షీటుకొచ్చేసరికి ఆ వాలు కంటికే కనిపిస్తుంది, అప్పుడు సరిచేయడానికి దారి ఉండదు. నిమిషానికి అర మీటరు కన్నా తక్కువ దిగుతుంటే కొట్టడం ఆపి కారణం చూడండి. ఇంటర్‌లాక్ (పక్క షీటుతో కలిసే తాళం) దగ్గర పొగ వస్తే అక్కడ రాపిడి పెరిగింది. ఇంకా ప్రమాదమైనది ఎదురుది: బిగువుగా దిగుతున్న షీటు ఉన్నట్టుండి సులువుగా జారిందంటే అడుగున తాళం ఊడింది. పైన చూస్తే గోడ నిండుగానే ఉంటుంది. ఏడాది తర్వాత ఆ సందులోంచి ఇసుక కారిపోయి, గట్టు మీద దిమ్మె కింద గుంట పడుతుంది. అనుమానం ఉన్న ప్రతి షీటు నెంబరూ రాసి పెట్టుకుని, తవ్వకం అయ్యాక డైవర్‌తో తడిమించాలి.

పైల్స్, లంగరు, పూడిక

ట్రెయిలర్ చక్రాల కింద చదరపు మీటరుకు పది టన్నులు పడుతుంది. ఈ బరువంతా మట్టి మీద వదిలితే గోడ మీద తోపు రెట్టింపవుతుంది. గోడను ఇంకా లావు చేయడం కన్నా, అంచు నుంచి 15 మీటర్ల దాకా 12 మీటర్ల వెడల్పు దిమ్మెను పైల్స్ మీద నిలబెట్టడం మా దృష్టిలో మేలు. అప్పుడు గోడ మోసేది మట్టిని మాత్రమే.

ఒక మీటరు వ్యాసం బోర్డ్ పైల్స్ (బోరు తవ్వి కాంక్రీటు పోసే స్తంభాలు) 12: అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు. అడ్డంగా 4.5, నిలువుగా 4 మీటర్ల దూరం. లోపలి పైల్ మీద ట్రెయిలర్ 180, దిమ్మె 36, కలిపి 216 టన్నులు పడుతుంది. దీనికి తోడు పూడిక కింద బంకమట్టి కుంగుతూ పైల్‌ను కిందికి లాగుతుంది. ఆ లాగుడు కూడా డిజైన్‌లో కలపాలి. ముందు గోడను లంగరు గోడకు కట్టే టై రాడ్లు మధ్యరేఖకు రెండు పక్కలా 1.2, 3.6, 6.0 అంటూ 2.4 మీటర్లకొకటి పెడితే, మధ్యన ఉన్న పైల్‌కూ, 4.5 దగ్గరి పైల్స్‌కూ తగలకుండా దారి దొరుకుతుంది. ఇది కాగితం మీద చూసుకోకుండా సైటులో చూద్దామనుకుంటే రాడ్డు సరిగ్గా పైల్ మధ్యలోకి వస్తుంది.

వరస ఇది: షీట్లు, ఆ తర్వాత పైల్స్, తర్వాత లంగరు గోడ, రాడ్లు, పూడిక, దిమ్మె. గోడ ముందు తవ్వకం అన్నిటికన్నా చివర. షీట్ల వైబ్రేషన్ పచ్చి కాంక్రీటు మీద పడకుండా షీట్లు ముందు. రాడ్లు బోరింగ్ రిగ్గు చక్రాల కింద నలగకుండా పైల్స్ వాటికన్నా ముందు.

పైల్ బోరులో మెత్తని మట్టి దాటేదాకా 6 మిల్లీమీటర్ల స్టీలు లైనర్ వదిలేయండి. బోరు గోడలు కూలకుండా నింపే బెంటోనైట్‌ను మంచినీళ్ళతోనే కలపాలి. ఉప్పునీళ్ళలో అది గడ్డలు కట్టి అడుగుకు దిగిపోతుంది, బోరు గోడలు కూలతాయి. కాంక్రీటు పోయకముందు అడుగు శుభ్రంగా ఉందో లేదో గొలుసు గుండు దించి చూడండి. గుండు ఠక్కున ఆగాలి, మెత్తగా కూర్చుందంటే ఇంకా బురద ఉంది. ట్రెమీ గొట్టం (కాంక్రీటును అడుగు నుంచి పోసే గొట్టం) కొస ఎప్పుడూ రెండు మీటర్లు కాంక్రీటులో మునిగి ఉండాలి, స్లంప్ (కాంక్రీటు జారుడు కొలత) 150 నుంచి 180 మిల్లీమీటర్లు. మీటరు వ్యాసానికి మీటరు లోతుకు 0.785 ఘనపు మీటర్లు పట్టాలి. 24 మీటర్ల పైల్‌కు దాదాపు 19. ప్రతి మిక్సర్ తర్వాతా టేపు దించి కాంక్రీటు ఎంత లేచిందో రాయండి. పట్టాల్సినదానికన్నా తక్కువ పట్టి ఎక్కువ లేచిందంటే ఆ లోతులో పైల్ నడుము సన్నబడింది. కటాఫ్ (పైల్ తల ఉండాల్సిన మట్టం) పైన ముప్పావు మీటరు ఎక్కువ పోసి తర్వాత చెక్కేయాలి, పైన తేలేది బురద కలిసిన కాంక్రీటు. ఐఎస్ 2911 ప్రకారం మొదటి పరీక్షా పైల్‌కు డిజైన్ బరువుకు రెండున్నర రెట్లు, పనిలో వాడే పైల్‌కు ఒకటిన్నర రెట్లు ఎక్కించి చూస్తారు.

లంగరు గోడ అంచు నుంచి 18 మీటర్ల వెనక, దిమ్మె దాటాక. దగ్గరికి జరిపితే ముందు గోడ వెనక జారే మట్టి ముక్కలోనే లంగరు కూడా పడుతుంది, రెండూ కలిసే కదులుతాయి. రాడ్లు పది, 60 నుంచి 70 మిల్లీమీటర్ల లావు, ఒక్కోటి మూడు ముక్కలు, మధ్యన బిగించే టర్న్‌బకిల్. మట్టం ప్లస్ 0.8 పెడితే ఆటు సమయంలో ఆరిన చోట నిలబడి బిగించవచ్చు. మట్టి కుంగితే రాడ్డు మధ్యలో వంగి, రెండు కొసల్లో మరల దగ్గర తెగుతుంది. ఈ రకం గోడలు కూలడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే రాడ్డును పెద్ద గొట్టంలో వదులుగా పెట్టి, రాడ్డు గొట్టం అడుగున ఆని, పైన ఖాళీ ఉండేలా చూసి, కొసల్లో మడత జాయింటు ఇవ్వాలి. మరలకు పెట్రోలేటం టేపు చుట్టాలి.

పూడికకు శుభ్రమైన ఇసుకే. సన్నమట్టి పది శాతం దాటకూడదు. క్రీకులో తోడిన బంకమట్టిని ఖర్చు కలిసొస్తుందని గోడ వెనక పోస్తే అది నెలల తరబడి ద్రవంలా గోడను నెడుతుంది. పోసే దిశ ముఖ్యం. గోడను ఆనుకుని మొదలుపెట్టి ఒడ్డు వైపు నడవాలి, అప్పుడు మెత్తని బురద గోడకు దూరంగా నెట్టుకుపోతుంది. టిప్పర్లకు సులువని ఒడ్డు వైపు నుంచి పోసుకుంటూ వస్తే బురదంతా గోడకూ ఇసుకకూ మధ్య చిక్కుకుంటుంది. రాడ్ల కిందిదాకా ఇలా పోశాక, రాడ్లు చేతిబిగువు వరకు బిగించి, లంగరు గోడ ముందు పక్క మట్టిని 20 సెంటీమీటర్ల పొరలుగా దిమ్మిస చేయాలి. లంగరు పట్టు వచ్చేది ఆ మట్టి నుంచే. దాని తర్వాతే మిగతా పూడిక. రాడ్ల మీద అర మీటరు మట్టి పడేదాకా టిప్పరు ఎక్కనివ్వకండి.

గోడలో ప్లస్ 0.3 మట్టాన 2.4 మీటర్లకొక నీటి రంధ్రం, వెనక జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టిన కంకర సంచి. నవంబరు వానకు వెనక నీరు నిండి, ముందు ఆటు దిగినప్పుడు గోడ మీద పడే తోపు చాలా ఎక్కువ. గుడ్డ లేని రంధ్రం నీటితో పాటు ఇసుకనూ వదులుతుంది.

దిమ్మె, అంచు, కట్టే కొక్కేలు

కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం పోటు ఆటుల మధ్య తడిసి ఆరే భాగం ఎక్స్‌ట్రీమ్ (అతి తీవ్ర వాతావరణం) తరగతి కిందికి వస్తుంది: ఎం40 కాంక్రీటు, సిమెంటు ఘనపు మీటరుకు 360 కిలోలకు తగ్గకుండా, నీరు సిమెంటు నిష్పత్తి 0.40, కవరు (కడ్డీల మీది కాంక్రీటు మందం) 75 మిల్లీమీటర్లు. తుంపర్లు పడే భాగానికి వేరే నిబంధన ఉన్నా దిమ్మె మొత్తానికి ఇదే వాడండి. సిమెంటు పోర్ట్‌లాండ్ స్లాగ్ రకం. నీళ్ళు సైటు బోరువి వద్దు. రొయ్యల చెరువుల ప్రాంతంలో భూగర్భజలం రుచి చూస్తేనే తెలుస్తుంది. కోడ్ ఇచ్చిన పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడు. ఇసుక పెన్నాది వాడితే సరే, తీరపు ఇసుక దగ్గరికి రానివ్వొద్దు. కడ్డీలు కట్టి వారాల తరబడి ఉప్పుగాలికి వదిలేస్తే, పోసే ముందు రోజు మంచినీటి జెట్‌తో కడగాలి.

దిమ్మె 80 సెంటీమీటర్ల మందం, 144 ఘనపు మీటర్లు. గంటకు 20 చొప్పున ఏడు గంటల పైన పడుతుంది. ఎండాకాలమైతే సాయంత్రం మొదలుపెట్టి రాత్రి ముగించండి. ఒడ్డు వైపు వాలు మూడు శాతం దాటనివ్వొద్దు. దిమ్మె కొసకూ రోడ్డుకూ మధ్య రెండు మూడు మీటర్ల అప్రోచ్ పలక ఉండాలి. పైల్స్ మీది దిమ్మె కుంగదు, రోడ్డు కుంగుతుంది. పలక లేకపోతే ఆ మెట్టు దగ్గర ట్రెయిలర్ ఒక్క వరుస మీదే భారమంతా పడుతుంది.

గోడ తల మీది కాంక్రీటు బీము దిమ్మెకు అతకకుండా 20 మిల్లీమీటర్ల జాయింటు వదలండి, గోడ కాస్త కదిలినా దిమ్మె పగలదు. అంచుకు 150 మిల్లీమీటర్ల స్టీలు యాంగిల్ పొదగాలి. ఫెండర్లు (బార్జి తాకిడిని ఓర్చే మెత్తలు) నిలువుగా, బీము తల నుంచి ఆటు మట్టం కిందిదాకా దిగాలి. పొట్టివి పెడితే ఆటులో బార్జి అంచు ఫెండరు కిందికి దూరుతుంది, పోటు లేచేటప్పుడు అక్కడ చిక్కుకుని బీమును పైకి ఎత్తేస్తుంది. 30 టన్నుల బొల్లార్డులు (తాళ్ళు కట్టే గుంజలు) నాలుగు: రెండు అంచు మూలల్లో, రెండు ఒడ్డున బాగా పక్కకు. తాళ్ళు కత్తెరలా అడ్డంగా కట్టుకుంటేనే క్రీకు ప్రవాహానికి బార్జి కొస పక్కకు తిరగదు. బొల్లార్డులకు వాటి పునాది వాటికే ఉండాలి, షీట్ గోడకు వెల్డింగ్ చేయొద్దు.

తవ్వకం, మొదటి లోడు

ఇవన్నీ అయి, కాంక్రీటు 28 రోజులు దాటాకే గోడ ముందు తవ్వాలి. అర మీటరు చొప్పున గోడ పొడవునా సమంగా దిగుతూ, ప్రతి దశకూ గోడ తల ఎంత ముందుకొచ్చిందో సర్వే పరికరం టోటల్ స్టేషన్‌తో చదవాలి. కదలిక క్రమంగా వచ్చి ఆగితే సరి. తవ్వడం ఆపిన మర్నాడు కూడా కదులుతూనే ఉంటే గోడ ముందు మట్టి తిరిగి పోసి డిజైనరును పిలవండి. మైనస్ 4.2కు దిగాక జియోటెక్స్‌టైల్ పరిచి, దాని మీద 100 నుంచి 300 కిలోల రాళ్ళతో 70 సెంటీమీటర్ల పరుపు, గోడ నుంచి కనీసం ఆరు మీటర్ల దాకా. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల్లో మిగిలే నల్లరాయి దొరికితే తెచ్చుకోండి. మామూలు రాయికన్నా బరువెక్కువ, టగ్గు ప్రొపెల్లర్ ఊదుడుకు కదలదు. ఈ పరుపు లేకపోతే నాలుగు బార్జీలు వచ్చేసరికి టగ్గు నీటి తాకిడికే గోడ అడుగున గొయ్యి పడుతుంది. పరుపు మీద పొడుచుకొచ్చిన రాయి ఒక్కటి ఉన్నా బార్జి అడుగు చిల్లు పడుతుంది కాబట్టి పైభాగాన్ని ధ్వనితో లోతు కొలిచే ఎకో సౌండర్‌తో గళ్ళుగా కొలిపించాలి.

బరువు ఒడ్డుకు దింపుతున్నప్పుడు బార్జి తేలికై లేస్తుంది. అందుకే పోటు నిండి మళ్ళిన కాసేపటికి మొదలుపెట్టాలి. దిగుతున్న నీరు ఆ లేవడాన్ని కొంత తగ్గిస్తుంది. ఒడ్డు నుంచి బార్జికి ఎక్కించేటప్పుడు ఇది తిరగబడుతుంది, పోటు ఎక్కేటప్పుడు చేయాలి. నడిమి పోటులో కూడా నీరు గంటకు పాతిక సెంటీమీటర్లే మారుతుంది కాబట్టి పనిలో ముఖ్యభాగం పంపులదే. అంచు మీదా, బార్జి డెక్కు మీదా పక్కపక్కనే కొలబద్దలు పెట్టి ఒక మనిషి రెండు అంకెలూ గట్టిగా చదువుతూ ఉండాలి. తేడా పది సెంటీమీటర్లు దాటితే ట్రెయిలర్ ఆగాలి, పంపులు అందుకున్నాకే కదలాలి. ఆపమని చెప్పే అధికారం ఆ కొలబద్ద మనిషికే ఇవ్వండి, ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పకూడదు.

అసలు యంత్రం రావడానికి ముందు, అంతే బరువు కాంక్రీటు దిమ్మలు ట్రెయిలర్ మీద పెట్టి దిమ్మె మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిపి చూడండి. రాడ్ల కొసలు మళ్ళీ తనిఖీ చేసి వదులైనవి బిగించండి. మొదటి ఈశాన్య వానలు వెళ్ళాక, జనవరిలో, నీటి రంధ్రాల్లోంచి వచ్చే నీరు తేటగా ఉందో ఇసుకతో ఉందో చూసి, గోడ తల కొలతలు మళ్ళీ తీసి, రాళ్ళ పరుపు డైవర్‌తో చూపించి, ఆ ఏడాది మొదటి బార్జికి తేదీ ఇవ్వండి.